దుప్పటికి అవతలి కొస

దుప్పట్లు మడతపెట్టే బల్ల మీద టీ కప్పులు నిన్న ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. అడుగున మిగిలిన టీ ఎండి అట్టకట్టింది. ఎవరో సగం కొరికి వదిలేసిన బిస్కెట్టుకి చీమలు పట్టాయి.

వాటిని కడగనని వదిన పొద్దున్నే చెప్పేసింది. ఎవరు ఇచ్చారో వాళ్ళే తియ్యాలంది. ఇచ్చింది ఆమె మామగారు. ఆయన ఆ మాట విననట్టు వాషింగ్ మిషన్ తలుపు తీసి, లోపల ఏమీ లేదని తెలిసి కూడా చెయ్యి పెట్టి తడుముతున్నాడు.

కప్పులు తియ్యకపోతే బల్ల ఖాళీ కాదు. బల్ల ఖాళీ కాకపోతే మడత మొదలవదు. దండేల మీద ఆరిన దుప్పట్లు తెచ్చి తల్లి బుట్టలో పడేస్తూనే ఉంది. కుడి మణికట్టుకి చుట్టిన గుడ్డ జారిపోతుంటే పళ్ళతో బిగించుకుంటోంది.

ఆ ఇంటి ఆడపిల్ల పంతులమ్మ కాలేజీకి తయారై, భుజాన సంచితో మెట్లు దిగి వచ్చేసరికి ఇదీ వరస. ఇల్లు పైన, బట్టలుతికే షెడ్డు కింద. ఇంట్లోంచి వీధిలోకి పోవాలంటే షెడ్డులోంచే పోవాలి. తల వంచుకుని దాటిపోదామనుకుంది కానీ, అన్న వ్యాను తాళాలు వేలికి తిప్పుకుంటూ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"హోటల్ మేనేజరు మళ్ళీ ఫోన్ చేశాడు," అన్నాడు. "రేపు పొద్దుటికల్లా చెప్పాలట. సీజన్ అంతా దుప్పట్లు మనమే ఉతికి ఇస్తామా, వేరేవాళ్ళని చూసుకోవాలా అని. ఏం చెప్పను?"

మనుషుల్ని తెస్తానని మాటిచ్చింది పంతులమ్మే.

వేసవి వచ్చిందంటే ఈ ఇంటికి ఇదే గొడవ. సరస్సు ఒడ్డున హోటళ్ళు నిండుతాయి. నిండిన హోటళ్ళకి మనుషులు కావాలి. ఈ షెడ్డులో పని మానేసి పోయేవాళ్ళే ఆ మనుషులు. అక్కడ ఏసీ గాలి, వేళకి భోజనం, గదుల్లో దిగినవాళ్ళిచ్చే ఇనాములు. పనివాళ్ళని లాక్కునేదీ హోటలే, ఆ పనివాళ్ళు ఉతకాల్సిన దుప్పట్లు వ్యానుల కొద్దీ పంపేదీ హోటలే. ఇన్నేళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చారు. ఈసారి తల్లి చెయ్యి వాచిపోయింది. అందుకే పంతులమ్మ అంది, సెలవుల్లో మా కాలేజీ పిల్లలు ఖాళీగానే ఉంటారు, నేను తీసుకొస్తాను అని.

తీసుకొచ్చింది కూడా. పని ఎలా ఉంటుందో చూస్తామని నిన్న ఒక గుంపు బయల్దేరింది. వాళ్ళని షెడ్డు గుమ్మం దగ్గర అప్పగించి ఆమె క్లాసుకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి పిల్లలు లేరు, కప్పులున్నాయి.

ఏం జరిగిందో ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెప్పారు. అన్నీ అతికిస్తే తేలింది ఇది. పిల్లల్ని చూడగానే తండ్రి చేతులు తుడుచుకుని ఎదురెళ్ళాడు. మడతబల్ల దగ్గరికి ఎవరైనా చెప్పులు విడిచే రావాలి, అది ఆయన పెట్టిన నియమమే. అలాంటిది, పరవాలేదు బాబూ, చెప్పులతోనే రండి అన్నాడు. పైనుంచి కుర్చీలు మోసుకొచ్చి ఫ్యాను కింద వరసగా వేశాడు. టీ పెట్టించాడు. ఒక పొడుగు పిల్ల ఉండబట్టలేక లేచి తడి దుప్పటి అందుకోబోతే, మీకెందుకమ్మా, బట్టలు పాడవుతాయి అని చేతిలోంచి తీసేసుకున్నాడు. వాళ్ళు కూర్చునే ఉన్నారు. ఆయన వాళ్ళ ముందే బుట్టలు మోస్తూ తిరిగాడు. చూసి చూసి పిల్లలు లేచారు. మళ్ళీ రండి అని గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాడు, చుట్టాలని పంపినట్టు.

"పనికొచ్చినవాళ్ళకి మర్యాదలు చేసి పంపించావు," అన్నాడు అన్న, తండ్రి వీపుకేసి చూస్తూ. "ఆ ఐస్‌క్రీం కొట్టువాడు చూడు, పిల్లలు గుమ్మంలోకి రాగానే చేతికి చీపురిచ్చాడు. వాడి దగ్గర నిండిపోయారు."

తండ్రి మిషన్ తలుపు మూశాడు.

"పుస్తకం పట్టే చేతికి, ఎవడో పడుకుని లేచిన దుప్పటి ఎలా ఇవ్వన్రా?"

"నాకిచ్చారుగా మామయ్యా," అంది వదిన.

గొంతు పెంచలేదు. బుట్టలోంచి దుప్పటి తీసి దులుపుతూ అంది.

"కాపురానికొచ్చిన మర్నాడే ఇచ్చారు. నేనూ హైస్కూలు దాకా పుస్తకం పట్టినదాన్నే."

అన్న తాళాలు తిప్పడం ఆపాడు. తల్లి దండెం దగ్గర తనకేమీ పట్టనట్టు నిలబడిపోయింది.

అంతటితో వదిలితే అది వదిన కాదు. పంతులమ్మ వైపు తిరిగింది. కాలేజీలో బోర్డు మీద ఏమని రాశావో చదివి వినిపించమంది. పంతులమ్మ చదవలేదు. వదినే కంఠతా అప్పజెప్పింది: ఆతిథ్య రంగంలో వేసవి అనుభవం, ఉత్సాహవంతులైన విద్యార్థులకు సదవకాశం.

"దుప్పటి అన్న మాట అందులో ఎక్కడన్నా ఉందా? ఆ పొడుగు పిల్ల ఇస్త్రీ నలగని కొత్త బట్టలేసుకొచ్చింది పాపం, హోటల్ కౌంటర్ దగ్గర నించోబెడతారనుకుని. మామయ్య సిగ్గు మామయ్యది, నీ సిగ్గు నీది పంతులమ్మగారూ. మధ్యలో అత్తయ్య చెయ్యి పోతోంది."

అది సిగ్గు కాదు, ప్రకటనలు అలాగే రాస్తారు అని చెప్పాలనుకుంది పంతులమ్మ. సంచి కింద పెట్టి కప్పులు ఒకదాన్లో ఒకటి దొంతి పెట్టసాగింది.

తండ్రి వచ్చి ఆ దొంతి ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"నువ్వొద్దమ్మా. క్లాసుకి టైమవుతుంది."

చిన్నప్పట్నుంచీ ఇంతే. బడి నుంచి రాగానే ఈ మడతబల్లకే ఒక మూల తడి తుడిచి, ఆమెకి పుస్తకాలు పెట్టుకునే చోటు చేసేవాడు. అవతల సగం మీద దుప్పట్లు, ఇవతల సగం మీద లెక్కలు. సరదాకి ఒక దుప్పటి అంచు పట్టుకున్నా వచ్చి విడిపించేవాడు. కోప్పడేవాడు కాదు. వేళ్ళు ఒక్కొక్కటే తీసేవాడు. ఈ ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కింది ఆమే, పోయిన ఏడాది అదే కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది. షెడ్డులో అందరూ పంతులమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. మొదట పిలిచింది ఆయనే. వేళాకోళంగా కాదు.

*

కాలేజీకి వెళ్ళగానే బోర్డు మీది కాగితం తనే చింపేసింది. క్యాంటీన్ వెనక అరుగు మీద నిన్నటి గుంపు కూర్చుని ఉంది. రేపట్నుంచే సెలవులు, అందరి మాటలూ వాటి గురించే. కళ్ళజోడబ్బాయి ఐస్‌క్రీం కొట్టు గురించి చెప్తున్నాడు. ఆ కొట్టువాడు పనిలో చేరిన ప్రతివాడికీ రంగు టోపీ ఇస్తాడట.

"ఇవ్వడు, పెడతాడు," అంది పొడుగు పిల్ల. అందరూ నవ్వారు. పంతులమ్మని చూసి లేచారు.

కూర్చోమంది. తనూ అరుగు చివర కూర్చుంది. నిన్న ఎందుకు వెళ్ళిపోయారని అడిగింది. పొడుగు పిల్లే నోరు విప్పింది.

"మీ నాన్నగారు మమ్మల్ని పెళ్ళివారిలా కూర్చోబెట్టారు మేడమ్. ఆయన బుట్టలు మోస్తుంటే మేం టీ తాగుతూ చూడటం... తాగింది దిగలేదు. మామీద నమ్మకం లేదేమో, పాడు చేస్తామనుకుంటున్నారేమో అనుకున్నాం. మరి రమ్మన్నదెందుకో అర్థం కాలేదు."

నమ్మకం లేక కాదని చెప్పింది పంతులమ్మ. మరి ఎందుకో మాత్రం చెప్పడం కష్టమైంది. అటు తిప్పి ఇటు తిప్పి, ఆయనకి చదువంటే గౌరవం అంది. ఆ గౌరవంతో మాకు పని దొరకదు కదా మేడమ్ అన్నాడు కళ్ళజోడు, వినయంగానే.

అప్పుడామె బోర్డు మీద రాయనిదంతా నోటితో చెప్పింది. అది హోటల్ పని కాదు. హోటల్ దుప్పట్లు ఉతికే పని. మిషన్ ఉతుకుతుంది కానీ మిషన్‌లో వెయ్యాలి, తియ్యాలి, పెరట్లో దండేల మీద ఆరెయ్యాలి, మడతపెట్టాలి. తడిసిన దుప్పటి బరువుంటుంది. మరకలుంటాయి, ఏం మరకలని అడక్కూడదు. మిషన్ల దగ్గర ఉక్కపోస్తుంది. పని అంతా నిలబడే. మధ్యాహ్నం దాటాక అయిపోతుంది, ఆ తర్వాత సరస్సుకి ఈతకి పోవచ్చు. మా అమ్మ చెయ్యి వాచింది. మీరు రాకపోతే ఆ హోటల్ మా చేతిలోంచి పోతుంది, ఆ హోటల్ లేకపోతే షెడ్డు మూతపడుతుంది.

చెప్పడం మొదలుపెట్టాక అనుకున్నంత కష్టంగా లేదు. ఈత మాట వినగానే ఇద్దరు ముగ్గురు నిటారుగా కూర్చున్నారు కూడా.

"మీకెప్పుడూ కాళ్ళు నొప్పి పుట్టలేదా మేడమ్, అంతసేపు నిలబడితే?" అని అడిగింది పొడుగు పిల్ల.

"నేనెప్పుడూ నిలబడలేదు."

"మీ ఇంటి కిందే కదా?"

"ఇంటి కిందే."

కళ్ళజోడబ్బాయి తన జోడు తీసి అద్దాలు తుడుచుకున్నాడు. పొడుగు పిల్ల గోళ్ళ వైపు చూసుకుంటూ, చాలా మామూలుగా అంది:

"అయితే మీరూ రండి మేడమ్. మాతోపాటే. మీకూ రాదుగా."

*

రాత్రి వంట ఇంకా పొయ్యి దిగకముందే పంతులమ్మ ఇంట్లో ఆ సంగతి చెప్పేసింది. ఆలస్యం చేస్తే ధైర్యం చాలదని తెలుసు. రేపట్నుంచి సెలవులయ్యేదాకా షెడ్డులో పనిచేస్తానంది. తను దిగితే పిల్లలు దిగుతారంది.

అన్న అరచేత్తో మోకాలు చరుచుకున్నాడు. వదిన గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. తండ్రి ఒప్పుకోలేదు. హోటల్ పోతే పోనీ అన్నాడు. పోతే వ్యాను ఎవరికి నడపమంటావు, నేనూ వెళ్ళి ఆ హోటల్ వాళ్ళ సామాన్లే మొయ్యనా అని అన్న నిలదీశాడు. ఆయన కూతురి వైపు తిరిగాడు.

"నువ్వా దుప్పటి ముట్టుకుంటే, ఇన్నేళ్ళూ నేను ముట్టుకున్నది ఎందుకు తల్లీ?"

ఆ ప్రశ్నకి పంతులమ్మ సిద్ధపడి రాలేదు. అయినా మాట వచ్చింది.

"నన్ను ముట్టుకోనివ్వలేదు నాన్నా. అందుకే ఆ పిల్లల ముందు మన పని పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆయన కుర్చీ జరిపి లేచాడు. మెట్లు దిగి షెడ్డులోకి వెళ్ళాడు. కాసేపటికి ఖాళీ మిషన్ తలుపు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి.

అంత జరిగాక తల్లి కూతురి పక్కన కూర్చుని, వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పనిలోకి దిగే మాటైతే చేతులు పైకి మడవడానికి వీలుండే బట్టలు వేసుకోమంది. ఉంగరం తీసెయ్యమంది, దారాలు తగులుకుంటాయట. అది ఒప్పుకోవడమో, ఊరికే చెప్పడమో పంతులమ్మకి తెలియలేదు.

వదిన మాత్రం మొగుణ్ణి పక్కకి పిలిచి ఏదో గుసగుసలాడింది.

*

పిల్లలు వస్తారన్న నమ్మకం పొద్దున ఎవరికీ లేదు. వచ్చారు. మొన్నటి కంటే తక్కువమంది, పాత బట్టల్లో. గుమ్మం దగ్గర ఒకళ్ళ వెనక ఒకళ్ళు ఆగారు. పొడుగు పిల్ల చెప్పులు విడిచి లోపలికొచ్చింది. కళ్ళజోడబ్బాయి అందరికంటే వెనక, అటు వీధి ఇటు షెడ్డు చూస్తూ నిలబడ్డాడు.

తండ్రికి వాళ్ళని చూడగానే కాళ్ళు ఆగలేదు. చేతులు తుడుచుకుంటూ పైకెళ్ళాడు. వెంటనే ఉత్త చేతులతో దిగొచ్చాడు.

"కుర్చీలేవి?"

"రంగు వేయిద్దామని మీ అబ్బాయి వ్యానులో ఎక్కించాడు మామయ్యా," అంది వదిన.

"దింపమను."

"వ్యాను తాళాలు కనపడట్లేదట."

అన్న గుమ్మం పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. తాళాల గుత్తి వేలికే వేలాడుతోంది. తండ్రి ఆ వేలి వైపు చూశాడు. అన్న చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

కుర్చీలు లేకపోయేసరికి ఆ పెద్దమనిషికి ఏం చెయ్యాలో తోచలేదు. వచ్చినవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళనేమనాలో, ఎటు పొమ్మనాలో ఆయన ఎన్నడూ అనుకుని ఉండలేదు.

ఈలోగా పంతులమ్మ చేతులు పైకి మడిచింది. బుట్టలోంచి ఒక దుప్పటి లాగి రెండు మూలలు తను పట్టుకుంది, రెండు మూలలు పొడుగు పిల్లకిచ్చింది.

ఈ షెడ్డులో మడతకి ఒక పద్ధతి ఉంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని బిగలాగి నిలువుగా మడతేస్తారు. ఆ తర్వాత ఒకరు నిలబడాలి, ఒకరు నడవాలి. నడిచే మనిషి తన కొస తెచ్చి నిలబడిన మనిషి చేతికిస్తుంది. వంకర ఉంటే చెప్పాల్సింది నిలబడిన మనిషే. లాగు, వదులు, రా అని చెప్పేది ఆ గొంతే. కొత్తగా వచ్చినవాళ్ళు నడుస్తారు, పని తెలిసినవాళ్ళు నిలబడతారు. ఎప్పుడూ తల్లి నిలబడేది, వదిన నడిచేది.

ఇక్కడ ఇద్దరూ కొత్తవాళ్ళే. మొదట ఇద్దరూ నిలబడ్డారు. తర్వాత ఇద్దరూ నడిచారు. మధ్యలో తలలు ఢీకొన్నాయి, దుప్పటి జారి నేల మీద కుప్ప పడింది. పిల్లలు పగలబడి నవ్వారు, పొడుగు పిల్ల నుదురు రుద్దుకుంటూ తనూ నవ్వింది. పంతులమ్మ నవ్వలేదు.

"కింద పడిందా, మళ్ళీ మిషన్‌కే," అంది తల్లి బుట్ట పక్కనుంచి.

తండ్రి వచ్చి ఆ దుప్పటి తీసి పక్కన పడేశాడు. బుట్టలోంచి ఇంకోటి తీశాడు. రెండు మూలలు పట్టుకుని, అవతలి కొసకి ఎవరున్నారా అని చూశాడు. భార్య మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది. కోడలు తన పాదాల వైపు చూసుకుంటోంది. కొస బుట్టలోంచి జారి నేలకి తగలబోతోంది.

పంతులమ్మ వంగి అందుకుంది.

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. లాక్కుంటాడని ఇంట్లోవాళ్ళకి తెలుసు. వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడిపిస్తాడు. ఆమె కూడా అందుకే వేళ్ళు బిగించింది.

ఆయన కదల్లేదు. దుప్పటి ఇద్దరి మధ్యా బొజ్జలా వేలాడుతోంది.

అన్న చేతిలో ఫోన్ మోగింది. "నాన్నా, మేనేజరు."

"ఆగమను."

ఆయన గొంతు సవరించుకున్నాడు. దుప్పటి మీదే చూపు పెట్టి, ఎవరితోనో అన్నట్టు అన్నాడు:

"లాగు."

ఆమె లాగింది.

"అది లాగడమా? గట్టిగా. బొటనవేలు లోపలికి పెట్టు."

పెట్టింది. దుప్పటి బిగిసింది. నిలువుగా మడతేశారు, మళ్ళీ మడతేశారు.

"ఇప్పుడు నడువు. నా దగ్గరికి."

నడిచింది. తన కొస ఆయన చేతికిచ్చింది. ఆయన తీసుకుని, అంచులు కలిపి, అరచేత్తో రాసి బల్ల మీద పెట్టాడు. ఒక పక్క కొంచెం వంకర వచ్చింది. దాన్ని చూశాడు. సరిచెయ్యలేదు.

"నువ్వు రా," అన్నాడు పొడుగు పిల్లతో. అమ్మా అని కలపబోయి మానేశాడు. "ఆ చేతులు తుడుచుకుని రా."

పొడుగు పిల్ల చేతులు తుడుచుకుని వచ్చింది.

అన్న ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏం చెప్పను నాన్నా అని అడిగాడు. సీజన్ అంతా, మధ్యలో వదలకుండా చేస్తామని ఇప్పుడే మాటివ్వాలంటున్నాడట. ఆయన కొత్త దుప్పటి దులుపుతూ గడ్డంతో కూతుర్ని చూపించాడు.

"దాన్నడుగు. దిగింది అది కదా."

ఫోన్ పంతులమ్మ చేతికొచ్చింది. మేనేజరు గొంతు హలో, హలో అంటోంది. ఆమె పిల్లల వంక చూసింది. ఇద్దరు అప్పటికే బుట్ట చుట్టూ చేరి మూలలు వెతుకుతున్నారు. ఒకతను దండేల వైపు నడిచాడు. వెనకనుంచి తండ్రి గొంతు, లాగు, ఇంకా లాగు అంటోంది.

కళ్ళజోడబ్బాయి గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఒక చెప్పు విడిచాడు. రెండోది ఇంకా కాలికే ఉంది.